దండలు చాలును, దండీలు కావలయును

కళింగసీమ బలమునకు పుట్టినిల్లని చెప్పుకొనుట మనకు పరిపాటి. ఈ మాటకు ఆధారము లేకపోలేదు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామవిద్య నభ్యసించి, ఱొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచి, కలియుగ భీముడని దేశమంతట కీర్తి నందిన కోడి రామ్మూర్తి నాయుడుగారు మనవారు. ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగి, అచటనే బరువులెత్త నేర్చి, 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 110 కిలోలు, 130 కిలోలు, వెరసి 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన ప్రథమ భారతమహిళ యనిపించుకొన్న కరణం మల్లీశ్వరి మన యాడపడుచు. 2014లో గ్లాస్గో నగరపు కామన్వెల్త్ క్రీడలలో పతకము గెలిచిన మత్స సంతోషి విజయనగరము జిల్లా కొండవెలగాడ బిడ్డ. ఒక సీమకు ఇంతకంటె గర్వకారణ మేమి కావలయును?

ఐనను మేము నేడు గర్వమును గూర్చి వ్రాయబూనలేదు. సిగ్గును గూర్చి వ్రాయబూనితిమి. రామ్మూర్తి నాయుడుగారి విగ్రహమును విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిపితిమి. శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు ఆయన పేరు పెట్టితిమి. జయంతి వర్ధంతులకు దండలు వేయుచున్నాము. దండ వేయుటకు చేయి పైకెత్తిన పెద్దమనిషికి భుజము కలుక్కుమనును. మెట్టుదిగునప్పుడు ప్రక్కవాని చేయి ఊత కావలయును. విజయనగరమున నివసించిన గురజాడ కవి తన దేశభక్తి గీతమున కండపుష్టిని మనుష్యత్వమునకు లక్షణముగ నెంచెను. ఆ గీతమును సభలలో ఎలుగెత్తి పాడుచున్నాము. పాట ముగిసి కుర్చీనుండి లేచునప్పుడు మాత్రము రెండు చేతులు మోకాళ్లపై మోపి, "రామా" యని లేచుచున్నాము. బలవంతులను పూజించుటయందు మనకు మించినవారు లేరు. బలము నార్జించుటయందు మనకంటె వెనుకబడినవారు నరుదు.

మన పట్టణపు మధ్యతరగతి పురుషుని జీవితము నొకసారి పరికింపుడు. ఇరువదియేండ్ల వయస్సున వాడు కళాశాల మైదానమున కబడ్డీ యాడును. ఉద్యోగము దొరకగనే ఆట ముగియును. వివాహము కాగానే నడక ముగియును. ద్విచక్రవాహనము కొనగనే వీధిచివరి అంగడికిని కాలు కదలదు. నలువదియవ యేట బొజ్జ వచ్చిన, అది సంసారలక్షణమని బంధువులు మెచ్చుకొందురు. ఏబదియవ యేట మోకాలు నొచ్చిన, వయస్సు వచ్చినదని వైద్యునికంటె ముందుగ వాడే నిర్ణయించుకొనును. పదవీవిరమణదినమున మెడలో దండ, భుజమున శాలువ, కూర్చుండుటకు పెద్దకుర్చీ. షష్టిపూర్తినాడు మఱల అదే దండ, అదే కుర్చీ. "ఇకమీదట మీరు విశ్రాంతి తీసికొనవలె" నని అందఱును దీవింతురు. ఆ దీవెనకంటె క్రూరమైన శాపము వేఱొకటి లేదని మేము వక్కాణించుచున్నాము.

కూర్చుండి తినిన కొండలైన కరుగునని సామెత. కొండలే కరుగగా కండలు కరుగుటలో వింత యేమి? ముప్పదియేండ్లు దాటిన పిమ్మట, కసరత్తు లేని మనుష్యుని కండ దశాబ్దమునకు నూటికి మూడు మొదలు ఎనిమిది పాళ్లవరకు క్షీణించుననియు, అఱువది దాటిన పిదప ఈ క్షయము త్వరపడుననియు వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కండ తగ్గుటకంటె బలము తగ్గుట ఇంకను శీఘ్రము. ఈ క్షయమునకు సార్కోపీనియా యని 1989లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్విన్ రోసెన్‌బర్గ్ పేరిడెను. పేరులేనంత కాలము దీనిని ముసలితనమనిరి; పేరు వచ్చిన పిమ్మట ఇదియొక రోగమనియు, దీనికి చికిత్స కలదనియు గుర్తించిరి. మన వీధులలో మాత్రము నేటికిని దీనిపేరు ముసలితనమే.

చదువరులారా! ఈ పత్రికను మీరు పఠనమందిరమున కుర్చీపై కూర్చుండి చదువుచుందురు. ఒక్క నిమిషము పత్రికను ప్రక్కన నుంచుడు. చేతులు ఱొమ్ముపై కట్టుకొని, కుర్చీనుండి అయిదుమారులు నిటారుగ లేచి కూర్చుండుడు. ఎన్ని సెకనులు పట్టెనో గోడగడియారమును జూచి లెక్కింపుడు. పండ్రెండు సెకనులు గాని అంతకు మించి గాని పట్టినయెడల మీ కాళ్లబలమును, కండనిలువను పరీక్షింప జేసికొనవలసినదని ఆసియాదేశముల వైద్యబృందము 2019లో నిర్ణయించినది. చేతిపట్టు పురుషులలో 28 కిలోలకు తక్కువైనను అదియు నొక హెచ్చరికయే. మేము ఇతరులకు చెప్పుటకు ముందు ఈ పరీక్షకు మేమే కూర్చుంటిమి. పదునేడు సెకనులు పట్టినవి! ఏండ్ల తరబడి కలముతప్ప మఱియొక బరువు నెత్తని పాపమునకు అది తగిన శిక్షయే. ఈ వ్యాసము ఆ సిగ్గునుండి పుట్టినదేయని దాచక చెప్పుచున్నాము.

పట్టుబలము మల్లుల గొడవ, మనకేల యని కొందఱనవచ్చును. మన దేశముతో కూడ 17 దేశములలో సుమారు 1,40,000 మందిని పరీక్షించి, 2015లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. చేతిపట్టు 5 కిలోలు తగ్గినకొలది మరణము సంభవించు అవకాశము నూటికి 16 పాళ్లు హెచ్చుగ కనబడినదని అందు తేలెను. రాబోవు మరణమును సూచించుటలో రక్తపుపోటు అంకెకంటె చేతిపట్టే గట్టిసాక్షి యని కూడ తేలెను. పట్టు తగ్గుటయే చావును తెచ్చునని దీని యర్థము కాదు. పట్టు గడియారపు ముల్లు వంటిది. లోపలి యంత్రమెట్లున్నదో అది చెప్పును. మనవారు నెలనెల రక్తపుపోటు కొలిపించుకొందురు; తమ పిడికిలి యెంత సడలినదో యేనాడును అడుగరు.

ఇక మధుమేహము. మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ రోగము కలదని భారత వైద్యపరిశోధనమండలి తోడ్పాటుతో సాగిన పరిశోధన 2023లో ప్రకటించినది. భుజించిన అన్నము చక్కెరగ మారి రక్తమున ప్రవేశించిన పిమ్మట, దానిలో అధికభాగమును పుచ్చుకొను గిడ్డంగి కండరమే. గిడ్డంగిని కూలద్రోసికొని, ధాన్యము వీధిలో కుప్పపడినదని వగచిన నేమి ఫలము? అందును మన భారతీయుని దేహము మోసకారి. చూచుటకు సన్నగ నుండును; లోన కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. కాలుచేతులు పుల్లలు, నడుమ కుండ—ఈ యాకారమును మన పట్టణములలో పదిమందిలో ఎందఱియందు చూడవచ్చునో చదువరులే లెక్కింపుడు.

"వయస్సు మీఱినది; ఇప్పుడు బలమెట్లు వచ్చు?" నని మొదటి యాక్షేపణ. దీనికి ప్రత్యుత్తరము 1988లోనే లభించినది. అఱువది మొదలు డెబ్బదిరెండేండ్ల నడిమి పురుషులచేత పండ్రెండు వారములు బరువులతో కసరత్తు చేయింపగా, వారి తొడకండరముల బలము రెండింతలకు మించెను. అంతటితో ఆగక 1990లో బోస్టను నగరమున తొంబదియేండ్ల ప్రాయపు వృద్ధాశ్రమవాసులచేత ఎనిమిది వారములు ఇదే సాధన చేయించిరి. సగటున వారి కాళ్లబలము నూటికి 174 పాళ్లు పెరిగెను. తొంబదియేండ్ల వృద్ధునకు సాధ్యమైనది ఏబదియేండ్ల గుమాస్తాకు అసాధ్యమగునా? వంగదేశపు మనోహర్ ఆయిచ్ తెల్లదొరల సేనలో నుండగా అధికారి నెదిరించి చెఱసాల కేగి, అచటనే దేహమును వజ్రముగ మలచుకొని, 1952లో మిస్టర్ యూనివర్స్ బిరుదము గెలిచెను. కసరత్తు మానక నూరేండ్లు దాటి 2016లో మరణించెను. అందఱికి అంతటి యాయువు వచ్చునని మేమనము. ఉన్న యాయువును ఇతరుల భుజములపై గడపనక్కఱ లేదని మాత్రమే మేమనుట.

పురాణములు వల్లించు పెద్దలు జాంబవంతుని చూపి తప్పించుకొనవలదు. సముద్రలంఘనవేళ జాంబవంతుడు తాను వృద్ధుడనైతినని విచారించిన మాట నిజమే. కాని ఆ వృద్ధుడు తానిప్పటికిని తొంబది యోజనములు దాటగలనని చెప్పిన మాట మన పెద్దలకేల జ్ఞాపకము రాదు? నూఱింటికి పది తక్కువైనందుకు ఆయన విచారించెను. మనము వీధికాలువ దాటలేక ఆయన పేరు చెప్పుకొనుచున్నాము. కురువృద్ధుడు భీష్ముడు పది దినములు సేన నడిపినది ఏ వయస్సుననో భారతము చదివినవారికి చెప్పనక్కఱ లేదు. సుశ్రుతసంహిత యందును వ్యాయామమును శక్తిలో సగమువరకు చేయవలెనని విధి కలదు. సగము చేయుమన్నారు గాని సున్న చేయుమని యే శాస్త్రమును చెప్పలేదు.

ఈ సోమరితనమునకు మూలము వయస్సు కాదు. అహంకారమని మా నమ్మకము. బరువెత్తుట కూలివాని పనియనియు, కూర్చుండుట గొప్పవాని లక్షణమనియు మన సంఘము తరతరములుగ పిల్లలకు నూరిపోసినది. రైలునిలయమున తన పెట్టెను తానే మోసికొన్న పెద్దమనిషిని చూచి నవ్వినవారు మనలో లేరా? బియ్యపుబస్తా ఇంటికి వచ్చిన మోయుటకు వేఱొకనిని పిలుతుము. బిందె నిండిన ఎత్తుటకు ఇల్లాలిని పిలుతుము. జనపమిల్లులలో, ధాన్యపు గిడ్డంగులలో దినమెల్ల మూటలు మోయు హమాలీకి బరువు అధికమై విశ్రాంతి లేక నడుము విఱుగుచున్నది. ఆఫీసరుకు విశ్రాంతి అధికమై బరువు లేక నడుము విఱుగుచున్నది. ఒకే ఊర ఈ రెండు నడుములును ఒకే వైద్యుని వాకిట కలిసికొనుచున్నవి! మోతను ఒక జాతికిని, కుర్చీని మఱియొక జాతికిని పంచిపెట్టిన సంఘమున ఇద్దఱును రోగులే యగుదురు. హమాలీకి మోత తగ్గింపవలయును. ఆఫీసరుకు మోత నేర్పవలయును. ఈ రెంటిలో మొదటిది న్యాయము; రెండవది వైద్యము.

పూర్వము మన గ్రామములలో ఇట్టి సిగ్గు లేకుండెను. గరిడీలుండెను; తాలింఖానాలుండెను. దండీలు, బస్కీలు, లోడీలు త్రిప్పుట, కర్రసాము—ఇవి పిల్లలు నేర్చు విద్యలు. పండుగదినములలో సంగిడి రాళ్లెత్తు పోటీలు చూడ ఊరంతయు చేరెడిది. తప్పెటగుళ్ల బృందములవారు గంటల తరబడి ఎగిరి, ఒకరిపై నొకరు నిలిచి గోపురములు కట్టిన విన్యాసములు వ్యాయామము కావా? బానిసదినములలో దేహబలము స్వాతంత్ర్యసాధనమని యెంచి 1902లో కలకత్తాయందు అనుశీలన సమితి వ్యాయామశాలల రూపముననే తలయెత్తెను. పరదేశప్రభువు భారతీయుని దుర్బలుడని హేళన చేసిన ఆ దినములలో రామ్మూర్తి నాయుడుగారి ఱొమ్ము దేశమునకంతకును జవాబుగ నిలిచెను. ఆయన 1942లో ఒడిషా సీమలోని బలాంగీర్ ప్రాంతమున దేహము చాలించెను. 1947లో దేశమునకు స్వరాజ్యము వచ్చెను. దేహమునకు మాత్రము స్వరాజ్యము రాలేదు. మాత్రలకు, ఊతకఱ్ఱకు, కుమారుని సెలవునకు, కోడలి యోపికకు లోబడియుండు దేహమును స్వతంత్రదేహ మందుమా?

"మేము ప్రతిదినము నడచుచున్నాము గదా" యని రెండవ యాక్షేపణ. విజయనగరమున అయోధ్యామైదానమున, శ్రీకాకుళమున కళాశాల మైదానమున వేకువజామున నడచు పెద్దలను మేమెఱుగుదుము. వారికి మా నమస్కారము. నడక గుండెకు మేలు, మనస్సునకు మేలు. కాని నడకతోనే సర్వము సరియని భ్రమింపరాదు. పాతికయేండ్లు నడచినవాని భుజములును, వీపును, పిడికిలియు నడచినవి కావు. ప్రపంచారోగ్యసంస్థ 2020లో ప్రకటించిన విధులలో వారమునకు 150 మొదలు 300 నిమిషముల నడక వంటి శ్రమతోపాటు, వారమున కనీసము రెండు దినములు కండరముల బలమునకై ప్రత్యేకసాధన వయోజనులందఱును చేయవలయునని వ్రాయబడినది. అఱువదియయిదేండ్లు నిండినవారు వారమున మూడు దినములు బలమునకును, పడిపోకుండ నిలుకడకును సాధన చేయవలయునని అదనముగ వ్రాయబడినది. అనగా వయస్సు పెరిగినకొలది సాధన పెరుగవలెనని పెద్దల మాట. తగ్గవలెనని మన మాట. వేకువ నడక ముగించి, హోటలు బల్లకడ ఇడ్డెనలు, ఉప్మా, వేడికాఫీ ముందుంచుకొని రాజకీయములు చర్చించు గంటలో పదునైదు నిమిషములు దీనికిచ్చిన చాలును.

"గుండెకు ప్రమాదము కాదా?" యని మూడవ యాక్షేపణ. ఇది యర్థము గల ప్రశ్న. గుండెజబ్బు, అదుపులేని రక్తపుపోటు, గిలక జారుట, ఇటీవల కంటికి శస్త్రచికిత్స—ఇట్టివి కలవారు వైద్యుని యనుమతి లేక ఏ బరువును ముట్టరాదు. ఱొమ్మున నొప్పి, తల తిరుగుట కలిగిన తత్‌క్షణము మానవలయును. ఎల్లవారును ఒక్క సంగతి గుర్తుంచుకొనవలయును: ఎత్తునప్పుడు ఊపిరి బిగింపక వదలవలయును. రామ్మూర్తి నాయుడుగారు ఊపిరి బిగించి గొలుసు తెంచిరి. అది ఆయన చిరకాలసాధన. మనకది తగదు. మనము తెంచవలసినది గొలుసు కాదు, సోమరితనము.

"పేదవారికి పుష్టికరమైన తిండి యెక్కడిది?" యని నాల్గవ యాక్షేపణ. ఇందును సత్యము కలదు. కండ గాలినుండి పుట్టదు. ఆరోగ్యవంతుడు దేహపుబరువులో కిలో యొక్కింటికి ఇంచుమించు 0.83 గ్రాముల మాంసకృత్తులు తినవలెనని మన దేశపు పోషకాహారవిధి. వృద్ధులకు ఒక గ్రాము మొదలు 1.2 గ్రాములవరకు మేలని వైద్యబృందముల మాట. ఇది డబ్బాలలో అమ్ము పొడులతోనే సిద్ధించునను ప్రచారము వట్టి వంచన. రామ్మూర్తి నాయుడుగారు శాకాహారి యని ప్రతీతి. మన ఉలవలు, పెసలు, సెనగలు, నువ్వులు, పాలు, పెరుగు, తినువారికి గ్రుడ్డు, మన తీరమున దొరకు చేప—ఇవి చాలవా? పళ్లెమున కొండవలె అన్నము పోసి, దానికి బొట్టుపెట్టినట్లు పప్పు వడ్డించుకొను అలవాటును తలక్రిందులు చేయవలయును. చోడి అంబలి త్రాగిన తాతను అనాగరకుడని నవ్వి, తెల్లబియ్యము నాగరకమని నమ్మిన తప్పును దిద్దుకొనవలయును.

ఈ సందర్భమున ఉద్దానమును మఱచిన మేము దోషులమగుదుము. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి యెన్ని కుటుంబములను కూల్చినదో శ్రీకాకుళము జిల్లావారికి చెప్పనక్కఱ లేదు. ఆ సీమలో పొలమున, తోటలలో చెమటోడ్చి, బలముతో బ్రదికిన పురుషులును ఈ వ్యాధికి లోనైరి. మూత్రపిండములు దెబ్బతిన్నవానికి మాంసకృత్తులెన్ని తగునో వైద్యుడు నిర్ణయింపవలసినదే. అట్టి సీమలో పిడికిళ్లకొలది పొడులు త్రాగుమని యువకులకు బోధించువారిని, కండ త్వరగ వచ్చునని సూదులు పొడుచువారిని మేము బలప్రదాతలని యనజాలము, ప్రాణవర్తకులని యందుము. ఉద్దానము వారు ముందుగ రక్తపరీక్ష చేయించుకొని, పిదపనే తిండిని మార్చుకొందురుగాక. మితమైన కసరత్తు మాత్రము వైద్యుని సలహాతో వారికిని హితమే.

ఇక అసలు సంగతికి వత్తుము. పురుషుని దౌర్బల్యపు బరువును మోయునది పురుషుడు కాదు. స్నానపుగదిలో కాలుజారి తుంటియెముక విఱిగిన పెద్దమనిషిని లేవనెత్తునది ఎవరు? అఱువదియేండ్ల ఇల్లాలు. ఆమె మోకాళ్లును నొచ్చుచున్నవి. ఆమె నడుమును వంగినది. ఐనను ఆమె పడరాదు. పడుటకు ఆమెకు సెలవు లేదు. కుమారుడు హైదరాబాదుననో, బెంగుళూరుననో, అమెరికాలోనో ఉండును. మన జిల్లాలనుండి వలసపోని యిల్లెక్కడ కలదు? కొడుకు ఫోనున ధైర్యము చెప్పును, సొమ్ము పంపును. చేయి మాత్రము పంపలేడు. ఇట్టి కథ మన ప్రతి వీధిలో కలదు. నలువదియేండ్లు ఇంటి యజమానినని మీసము దువ్విన పురుషుడు తుదకు భార్య భుజమునకు బరువై కూర్చుండుట పౌరుషమా? పౌరుషమనగా కంఠబలము కాదు. కడవఱకు తన దేహమును తాను మోయగలుగుట. రోగము, ప్రమాదము దైవాధీనములు. వానివలన పడినవానిని నిందించుట పాపము. కాని చేతిలోని సాధనమును ముట్టక పడుట దైవము చేసినది కాదు.

సాధనము అగ్గువయైనది, కొనవలసినది లేదు. చేతులు మోపక కుర్చీనుండి ఎనిమిది మొదలు పండ్రెండుమారులు లేచుట మొదటిది. అది తేలికయైన పిమ్మట సగము బస్కీలు, పిదప నిండు బస్కీలు. గోడకు చేతులానించి దండీ తీయుట రెండవది. గోడనుండి బల్లకు, బల్లనుండి నేలకు క్రమముగ దిగవలయును. అయిదుకిలోల ఉలవలసంచిని నడుము వంచక తుంటివద్ద వంగి నేలనుండి ఎత్తుట మూడవది. రెండు చేతుల రెండు నీళ్లబాల్చీలు పట్టి పెరటిలో నడచుట నాల్గవది. అది పిడికిలికిని, భుజమునకును, నడుమునకును ఒకేసారి పని. మడమలెత్తి నిలుచుట, గోడప్రక్క ఒంటికాలిపై నిలుచుట అయిదవది. వారమున రెండు దినములు, నడుమ విశ్రాంతి. ప్రతి సాధనమున చివరి రెండు మూడుమార్లు కష్టముగ తోచవలయును. కష్టము లేనిది సాధన కాదు. తేలికయైన వారమున సంచిలో మఱికొన్ని ఉలవలు పోయవలయును. గ్రీకుజాతివాడైన మైలో యను మల్లుడు దూడను దినదినము ఎత్తి, అది ఎద్దైన పిమ్మటను ఎత్తెనని కథ. ఈ విద్య రహస్యమంతయు ఆ దూడలో కలదు.

మునిసిపాలిటీలవారికి మా విజ్ఞప్తి యిది. ఉద్యానములలో రంగురంగుల యంత్రములు పాతి, ప్రారంభోత్సవము చేసి, తుప్పునకు వదలివేయుట వ్యాయామోద్ధరణ కాదు. ఒక కప్పు, ఒక చాప, కొన్ని ఇనుపగుండ్లు, నేర్పుటకు ఒక శిక్షకుడు—ప్రతి పేటకు ఇంత చాలును. కొండవెలగాడ వంటి గ్రామమునుండి బరువులెత్తి పతకములు తెచ్చిన క్రీడాకారులు కల సీమలో శిక్షకులకు కఱవా? పదునెనిమిదేండ్లకు పోటీ, ముప్పదియేండ్లకు నిరుద్యోగముగ ముగియుచున్న వారి విద్యను పెద్దలకు పాఠముగ మార్చిన, వారికి జీతము, మనకు జీవితము లభించును. పాఠశాలల మైదానములను సాయంకాలము తెఱవుడు. పఠనమందిరముల అధికారులారా! పత్రికల బల్లప్రక్క పది సంచులుంచుడు. తల నింపు స్థలమున భుజమును నింపిన సరస్వతి కోపింపదు.

మా మాట వినువారు రేపు మొదలిడనక్కఱ లేదు. ఈ పుట మడచిన వెంటనే కుర్చీనుండి చేతులు మోపక లేవవచ్చును. మా పదునేడు సెకనులు మూడు నెలల సాధనచే పదునాలుగైనవి. ఇంకను రెండు సెకనులు తగ్గింపక విడువమని ప్రతిన పూనితిమి. రామ్మూర్తి నాయుడుగారి విగ్రహమునకు ఈ యేడు దండ వేయువారు ముందుగ పది దండీలు తీసి వేయుదురుగాక. దండ మఱునాటికి వాడును. దండీవలన వచ్చిన బలము, సాధన మానకున్నంత కాలము, మనకు తోడుండును.